దొరగారి గడ్డిపెళ్ళ

స్కాట్లండు సరిహద్దులో ఉన్న మా విన్లా కోటకి పైకప్పు లేక కొన్ని వందల ఏళ్ళయింది. లేదని ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. ఇంగ్లీషు సైన్యం తగలబెట్టిందని గేటు దగ్గర బోర్డు పెట్టారుగానీ, అది సగం కథే. సైన్యం తగలబెట్టి తన దారిన తను పోయింది. మిగిలిన దూలాలూ, రాళ్ళూ, తలుపు బందులూ మోసుకుపోయింది మా తాతముత్తాతలే. నా రొట్టెల కొట్టు గుమ్మం మెట్టు ఆ కోటదే. చర్చి ప్రహరీ ఆ కోటదే. మాంసం కొట్టు హ్యూ ఆలివర్ పెరట్లో బాతుల తొట్టి కింద పెట్టిన రాయి మీద ఒక సింహం బొమ్మ ఉంటుంది. ఏ దొరగారి తలవాకిట ఠీవిగా నిలబడాల్సిందో పాపం, ఇప్పుడు బాతుల రెట్టలో నానుతోంది.

దొరలంటే నిజంగా దొరలని కాదు. పశువుల దొంగలు. చలికాలం రాత్రుళ్ళు సరిహద్దు దాటిపోయి, ఇంగ్లండు ఆవుల్ని తోలుకొచ్చి, కోట కింది అంతస్తులో దాచేవాళ్ళు. మేమంతా ఆ వంశమే, అందులో మాకు సిగ్గేమీ లేదు. అందుకే ఆ కింది అంతస్తులో, ఇంకా చెక్కుచెదరని రాతి కమాను కింద, మా తమ్ముడు వాటీ చలికాలమంతా తన ఆవుల్ని కట్టేసుకుంటే ఎవరూ తప్పుపట్టలేదు. ఆ గది కట్టిందే ఆవుల కోసం. తేడా అల్లా, మావాడివి కొన్న ఆవులు.

వాటీ పెళ్ళి చేసుకోలేదు. మనుషులతో పొదుపుగా మాట్లాడి, మిగిలిన మాటలన్నీ ఆవులకి చెప్పుకుంటాడు. పొద్దున్నే నా కొట్టుకొచ్చి, వేడి రొట్టె ఒకటి తీసుకుని, నిలబడే తిని, "వస్తానక్కా" అని పోతాడు. నా మొగుడు పోయాక రోజూ నన్ను పలకరించే మొదటి మాట అదే. దానికోసమే తెల్లవారకముందే పొయ్యి వెలిగించేదాన్నంటే నమ్మండి, నమ్మకపోండి.

అలాంటి కోటని పియర్స్ వెనింగ్ అనే ఆయన కొన్నాడు. లండన్ మనిషి. ఆయన అవ్వకి అవ్వ స్కాట్లండుదట. ఆవిడ ఏ ఊళ్ళో పుట్టిందో తెలీదు కాబట్టి, దేశమంతా తన పుట్టినూరే అనుకున్నాడు. మొదటిరోజే కిల్టు కట్టుకుని దిగాడు. కిల్టంటే మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ పావడాలాంటిది, ఉత్తరాన కొండల్లో మగాళ్ళ బట్ట. మా సరిహద్దు మగాళ్ళు పెళ్ళిళ్ళకి అద్దెకి తెచ్చుకుంటారేగానీ మామూలు రోజున ఒంటికి తగలనివ్వరు. అందులోనూ ఆయన దిగింది వాగుపక్కన సన్నదోమలు ముసిరే కాలంలో. కిల్టు లోపల ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. నడక చూసి తెలుసుకున్నాం.

ఊరి హాల్లో మీటింగు పెట్టాడు.

"ఈ శిథిలానికి ప్రాణం పోస్తాను" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. "దేశదేశాల నుంచి అతిథులొచ్చి బస చేస్తారు. అంతా అసలు సిసలుగా ఉంటుంది. వాళ్ళు మంచం మీద కాదు, చరిత్రలో నిద్రపోతారు."

హ్యూ లేచి నిలబడ్డాడు. "చరిత్రలో నిద్రపోయినవాళ్ళ పీకలు కోసేవాళ్ళు కదండీ మావాళ్ళు?"

అంతా నవ్వారు. ఆయన కూడా పగలబడి నవ్వి, ఆ మాట రాసుకున్నాడు. తర్వాత అది కరపత్రం మీద అచ్చయింది.

బాగుచేత మొదలైంది. పాత కట్టడాల ఆఫీసరమ్మ వచ్చి, కొత్త రాయి కొత్తదని చూడగానే తెలియాలి, లేకపోతే ముందుతరాలు మోసపోతాయంది. పియర్స్ బాబేమో, కొత్త రాయి పాతదిలా కనపడాలి, లేకపోతే అతిథులు మోసపోయామనుకుంటారన్నాడు. చివరికి కొత్త రాయి పెట్టి, ఆవిడ సంతకం చేసి వెళ్ళాక, నాచు పట్టడానికి దానికి పెరుగు పూశారు. పెరుగు నా కొట్టుదే. గోడ సందుల్లో గబ్బిలాలు పిల్లలు పెట్టాయని వేసవంతా పని ఆపారు. మా దేశంలో గబ్బిలాల జోలికి వెళ్ళకూడదని చట్టముంది. ఆవులకి అలాంటిదేమీ లేదు కాబట్టి వాటీ ఆవుల్ని మొదటి వారంలోనే బయటికి తోలేశారు. చలికి సున్నం గట్టిపడదని చలికాలమంతా ఆపారు. మధ్యలో మిగిలిన కాస్త కాలంలో వాన పడింది.

ఎలా అయితేనేం, కప్పు పడింది. ఆవుల్ని కట్టేసిన గదిని గీకి, కడిగి, వెన్నెల రంగు సున్నం వేసి, "దొరగారి పడకటిల్లు" అని పేరు పెట్టారు. అన్నిటికంటే ఖరీదైన గది అదే. వాన పట్టిన రోజున ఆ గోడల్లోంచి పేడ వాసన తన్నుకొస్తుంది. అతిథులు దాన్ని గుండెల నిండా పీల్చి, "ఆహా, పురాతన శిల!" అంటారట. గదులు ఊడ్చే అమ్మాయి వచ్చి చెబితే నేను కౌంటరు పట్టుకుని నవ్వాను.

దయ్యం విషయంలో మాత్రం నాకు నవ్వు రాలేదు. దయ్యం లేని కోటకి గిరాకీ ఉండదని ఎవరో చెప్పారట. మా కొత్త దొరగారు, అదే పియర్స్ బాబు, చర్చి స్మశానంలోకి వెళ్ళి, సమాధి రాళ్ళ మీద పేర్లు వెతికి, వినడానికి ఇంపుగా ఉందని ఒకటి ఎత్తుకున్నాడు. ఇసబెల్ రూథర్‌ఫర్డ్. ప్రియుడు యుద్ధంలో చచ్చిపోతే ఆ పిల్ల బురుజు మీంచి దూకి ప్రాణం తీసుకుందనీ, బూడిదరంగు గౌనులో ఇప్పటికీ మెట్ల మీద ఏడుస్తూ తిరుగుతుందనీ కథ అల్లాడు. ఇసబెల్ రూథర్‌ఫర్డ్ మా ముత్తవ్వ. గోడ మీంచి దూకిన మాట నిజమే. తప్పిపోయిన దూడ కోసం పాడుకోటలోకి వెళ్ళి, దూడని చంకనేసుకుని పేడకుప్ప మీదికి దూకింది. ఆ తర్వాత ఇద్దరు మొగుళ్ళని పాతిపెట్టి, ఇంటినిండా పిల్లల్ని కని, పళ్ళన్నీ ఊడేదాకా బతికింది. ఆవిడ ఏడవగా చూసినవాళ్ళు ఆ రోజుల్లో ఊళ్ళో లేరట. ఏడిపించగా చూసినవాళ్ళు బోలెడుమందట.

అయినా నోరు మూసుకున్నాను. ఎందుకంటే కోటకి పొద్దుటి ఫలహారానికి రొట్టెలూ వెన్నబిస్కట్లూ నేనే పంపుతున్నాను. హ్యూ సాసేజీలు పంపుతున్నాడు. ఊళ్ళో సగం మందికి ఆ కోటలో ఏదో ఒక పని దొరికింది. సాటి దొంగల్లాగా మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తలదించుకుని తిరిగాం.

అప్పుడు వచ్చింది అసలు గొడవ.

కోటకీ వాగుకీ మధ్య పచ్చటి పల్లం ఉంది. మేం వాగొడ్డు అంటాం. అది ఊరుమ్మడి. ఎవరి పశువైనా అక్కడ మేయొచ్చు, అక్కడ నీళ్ళు తాగొచ్చు. వాటీ పొలాల్లో చుక్క నీరు లేదు. వాడి ఆవులు నీళ్ళకి దిగేది ఆ వాగొడ్డు మీంచే. పియర్స్ బాబు అక్కడ చెక్కబల్లలు పరిచి, ఓ పెద్ద వేడినీళ్ళ తొట్టి పెట్టించాడు. అతిథులు పొగలు కక్కే నీళ్ళలో మెడదాకా మునిగి, చేతిలో విస్కీ పట్టుకుని, వాగు చూస్తారట. బట్టల్లేనివాళ్ళని ఆవులు చూస్తే బాగుండదని చుట్టూ కంచె కొట్టించాడు.

వాటీ వెళ్ళి అడిగాడు. అంతసేపు మాట్లాడటం వాడి జన్మలో అదే మొదలు.

"అది ఊరుమ్మడండీ. మా ఆవులు నీళ్ళకి పోవాలి."

"ఊరుమ్మడి అని కాగితం ఉందా, వాటీ గారూ?" అన్నాడట దొరగారు చాలా మర్యాదగా. "ఎడిన్‌బరోలో మా లాయరు వెతికించాడు. ఎక్కడా లేదన్నాడు."

నిజమే, లేదు. మాకున్నది హద్దుల సవారీ. ఏటా జూన్‌లో ఊరంతా గుర్రాలెక్కి ఊరుమ్మడి హద్దులు చుట్టి వస్తాం. ముందు కార్నెట్, అంటే ఆ ఏటి జెండా మోసే మనిషి. హద్దు మలుపు తిరిగిన ప్రతిచోటా కార్నెట్ దిగి ఒక గడ్డిపెళ్ళ తవ్వి పైకెత్తాలి. చాటింపు వేసేవాడు "ఈ నేల ఎవరిది?" అని మూడుసార్లు అరవాలి. మూడుసార్లూ జనం "ఊరిది!" అనాలి. కాదనేవాడు ఎదురుగా ఉండి కూడా కాదనకపోతే, ఇంకో ఏడాదిదాకా అది మాదే. మా పూర్వీకులు దొంగలు కదా, ఒకడి మాట ఒకడు నమ్మక ఈ ఏర్పాటు చేసుకున్నారు. వాగొడ్డు దగ్గర ఒక్క ఏడాది గడ్డిపెళ్ళ తియ్యకపోతే, ఇక అది ఊరిదని చెప్పుకోవడానికి మాకేమీ మిగలదు.

ఈ సంగతి తెలిసి కూడా సవారీ కమిటీ పెద్ద హ్యూ ఏమన్నాడో వినండి.

"ఈ ఒక్క ఏడాదికీ రోడ్డు మీదుగా పోదాం ఎఫీ. అక్కడ గుడ్డల్లేనోళ్ళు కూచునుంటారు, గుర్రాలు బెదురుతాయి."

"గుర్రాలు బెదురుతాయా, నీ సాసేజీలు బెదురుతున్నాయా?" అన్నాను.

"నీ రొట్టెలు బెదరట్లేదేంటి మరి?" అన్నాడు వాడు.

 మర్నాడు పొద్దున వాటీ కొట్టుకొచ్చాడు. కోటకి పంపే బుట్టల కేసి చూశాడు. రొట్టె ముట్టుకోలేదు.

"ఆవుల్ని అమ్మేస్తున్నా. సవారీ అయిన మర్నాడు సంతకి తోలతా."

"అదేం మాటరా? ఏదో ఒకటి చేద్దాం, ఉండు."

"నీ రొట్టెలు వాళ్ళ నోట్లోకి, నా ఆవులు సంతలోకి. ఇంక చేసేదేముందక్కా?"

అని వెళ్ళిపోయాడు. "వస్తానక్కా" అనలేదు. తర్వాత రానేలేదు. నేను రోజూ వాడి రొట్టె పక్కన పెట్టడం, చల్లారాక పిచికలకి వెయ్యడం. ఒక్కసారిగా నామీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఆవుల్లేకపోతే వాటీ ఏమైపోతాడో నాకు తెలుసు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటాడు. మా నాన్న అలాగే పోయాడు.

ఫలహారం బుట్ట నేనే మోసుకుని కోటకి వెళ్ళాను. దొరగారు కిల్టులో కూర్చుని ఓట్సు జావలో తేనె కలుపుకుంటున్నాడు. మేం ఉప్పు వేసుకుంటాం. ఆ సంగతి ఎత్తలేదు, నాకు పనుంది.

"పియర్స్ బాబూ, హద్దుల సవారీ వస్తోంది కదా. మరి నువ్వు గడ్డిపెళ్ళ తియ్యవా?"

చెంచా ఆగిపోయింది. "నేనా?"

"అయ్యో, ఎవరూ చెప్పలేదా? కోటలో దొర ఉన్న కాలంలో వాగొడ్డు గడ్డిపెళ్ళ దొరే తీసేవాడు. కార్నెట్ వచ్చి పార దొర చేతికిచ్చి దండం పెట్టాలి. మిగతా చోట్ల జనమంతా అరుస్తారు, ఇక్కడ మాత్రం ముందు దొర ఒక్కడే ఊరిది అని జవాబు చెప్పాలి. ఎంత గట్టిగా అరిస్తే అంత ఘనత. దొరలు పోయాక ఆ ముచ్చటా పోయింది. మా ముత్తవ్వ కథలుకథలుగా చెప్పేది."

"ముత్తవ్వంటే?"

"ఇసబెల్ రూథర్‌ఫర్డ్."

ఆయన కళ్ళు ఇంతయ్యాయి. "మా దయ్యమా?"

"మీ దయ్యమే బాబూ. మా ముత్తవ్వ."

దాంతో ఇక తిరుగులేదు. తను పుట్టించిన దయ్యమే సాక్ష్యం చెబితే ఎవరు నమ్మకుండా ఉంటారు? కాసేపు గది ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. కిటికీలోంచి చూసి, "ఇక్కడ ముంగిట్లో, కంకర మీద చేస్తే? ఫొటోలు బాగా వస్తాయి" అన్నాడు.

"కంకరలోంచి గడ్డిపెళ్ళ ఎలా తీస్తావు బాబూ?"

"అదీ నిజమే. మరి కంచె?"

"అసలు సిసలుగా ఉండాలనుకుంటే ఆ కాలంలో కంచె లేదు. ఆ పైన నీ ఇష్టం."

అసలు సిసలు అన్న మాట వింటే ఆయన ముందూ వెనకా చూడడని నాకు తెలుసు. ఆ మాట ఆయన ముందు పెట్టి, బుట్ట తీసుకుని వచ్చేశాను.

ఆ ఏడు కార్నెట్ మిరెన్ టర్న్‌బుల్. ఉత్తరాలు పంచే పిల్ల, నా కొట్టు ముందునుంచే రోజూ పోతుంది. దానికి మొత్తం చెప్పాను. అది నోరు వెళ్ళబెట్టింది.

"ఎఫీ అత్తా, అలాంటి ఆచారం ఎప్పుడుంది?"

"మొన్న పొద్దుట్నించి ఉంది. దండం మాత్రం బాగా వంగి పెట్టు."

హ్యూకి చెబితే మొదట బిక్కచచ్చిపోయాడు. దొరగారే పిలుస్తున్నాడన్నాక మొహం వెలిగిపోయింది. సాసేజీలకీ ప్రమాదం లేదు, పౌరుషానికీ ప్రమాదం లేదు. మావాడికి అంతకన్నా ఏం కావాలి?

సవారీ రోజు ఎండ కాసింది, మా ఊళ్ళో అదో వింత. పియర్స్ బాబు ముందురోజే వాగు వైపు కంచె తనే దగ్గరుండి తీయించాడు. అతిథులు తొట్టిలో మెడదాకా మునిగి, ఫోన్లు తడవకుండా చేతులు పైకెత్తుకుని కూర్చున్నారు. "ప్రాచీన సరిహద్దు వేడుక, దొరగారి చేతులమీదుగా" అని వాళ్ళందరికీ ముందే చెప్పాడట. ఊరు ఊరంతా గుర్రాల వెనక వాగు దాటి వచ్చింది. వాటీ కూడా వచ్చాడు. అవతలి గట్టున ఆవుల్ని నిలబెట్టుకుని, నావైపు చూడకుండా నిలబడ్డాడు. మర్నాడు సంతకి తోలుకుపోవడానికి వాటి ఒళ్ళు తోమి ఉంచాడు. నల్లగా మెరుస్తున్నాయి. 

మిరెన్ గుర్రం దిగి, నేలకి ఆనేంత వంగి దండం పెట్టి, పార అందించింది. తొట్టిలోంచి చప్పట్లు. దొరగారు కిల్టు సర్దుకుని తవ్వాడు. మొదటిసారి పార రాతికి తగిలింది, రెండోసారి కాలికి తగలబోయింది. చివరికి గడ్డిపెళ్ళ ఊడొచ్చింది. దాన్ని రెండు చేతులా పైకెత్తి నిలబడ్డాడు. మట్టి నీళ్ళు మోచేతుల మీంచి చొక్కాలోకి కారుతుంటే పసిపిల్లాడిలా నవ్వాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు ఆయన ముద్దొచ్చాడు.

చాటింపు కూడా హ్యూదే, జీను మీద లేచి నిలబడ్డాడు. "ఈ నేల ఎవరిది?"

"ఊరిది!" అన్నాడు దొరగారు.

"వినపడలేదు! ఈ నేల ఎవరిది?"

"ఊరిది!"

"కాదనేవాడెవడైనా ఉంటే ముందుకి రావాలి! ఈ నేల ఎవరిది?"

"ఊరిదీ!" అని వాగు అవతల కొండకి తగిలి తిరిగొచ్చేలా అరిచాడు పియర్స్ వెనింగ్. జనమంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. తొట్టిలోవాళ్ళు కూడా విస్కీ గ్లాసులెత్తి "ఊరిది, ఊరిది" అన్నారు. ఆయనకి అదంతా నాటకం. పాతదైతే చాలు, అది నిజంగా జరుగుతున్న పని అని ఆయనకి తోచదు.

సవారీ ముందుకి సాగగానే మావాళ్ళు కొందరు వెనక ఉండిపోయి, మిగిలిన కంచె గుంజలు కూడా పీకడం మొదలెట్టారు.

"అదేంటి, ఏం చేస్తున్నారు?" అన్నాడు దొరగారు, చేతిలో గడ్డిపెళ్ళ అలాగే ఉంది.

"మీరు చెప్పిందేనండీ" అన్నారు మావాళ్ళు టోపీలు తీసి.

లాయరుకి ఫోన్ చేశాడట. లాయరు జరిగిందంతా రెండోసారి చెప్పించుకున్నాడట. తర్వాత, "మీరే అన్నారా? ఊరి ముందే? ఎవరైనా వీడియో తీశారా?" అని అడిగాడట. అతిథులు అప్పటికే లోకమంతా చూపించేశారు. కిల్టు కట్టుకున్న దొర ఒంటినిండా మట్టితో నేల ఊరిదని అరవడం చూసి జనం కన్నీళ్ళు పెట్టుకున్నారట. ఎంత విశాల హృదయం అని రాశారట. ఒక్క వారంలో కోటలో గదులన్నీ శరత్కాలం దాకా నిండిపోయాయి. ఇప్పుడు ఆయన కాదంటే ఆ వచ్చేవాళ్ళంతా ఏమనుకుంటారు?  ఆ తర్వాత వాగొడ్డు గురించి ఎవరడిగినా, "అది ఊరిదండీ" అంటున్నాడు. అతిథులు ఎదురుగా ఉంటే ఇంకాస్త గట్టిగా అంటున్నాడు.

తొట్టి కదల్చలేదు. ఊరుమ్మడిలో ఉంది కాబట్టి అదీ ఊరుమ్మడే అని కమిటీ తేల్చింది. శనివారం సాయంత్రాలు హ్యూ అందులో పొట్ట తేలేసుకుని కూర్చుంటాడు. వాటీ ఆవుల్లో మెగ్ అనే ముసలిదానికి వాగు నీళ్ళకంటే ఆ గోరువెచ్చటి నీళ్ళే నచ్చాయి. అది మూతి ముంచినప్పుడు అతిథులు కేరింతలు కొట్టి ఫొటోలు తీసుకుంటారు. హ్యూ ఉన్నప్పుడు ఎవరూ తియ్యరు.

సవారీ మర్నాడు వాటీ సంతకి వెళ్ళలేదు. నా కొట్టుకీ రాలేదు. వాడి మొండితనం మా ముత్తవ్వ నుంచి వచ్చిందే. నేను రొట్టె పక్కన పెడుతూనే ఉన్నాను. మూడోరోజో నాలుగోరోజో పొద్దున తలుపు తీసుకుని వచ్చాడు. రొట్టె తీసుకుని నిలబడే నమిలాడు. సగం తిన్నాక అన్నాడు:

"వచ్చే ఏడు కూడా గడ్డిపెళ్ళ తనే తీస్తాడట. గుర్రం నేర్చుకుంటున్నాడు."

"తియ్యనీ. ఆచారం కదా."

"ముత్తవ్వ చెప్పిందన్నావట."

"చెప్పింది."

"మనిద్దరం పుట్టకముందే పోయింది కదక్కా ఆవిడ?"

నేను కౌంటరు తుడుస్తూ తలెత్తకుండా అన్నాను: "దయ్యమై తిరుగుతోందటగా. వచ్చి చెప్పింది."

మా వాటీ నవ్వగా నేను చూసి చాలా ఏళ్ళయింది. రొట్టె గొంతులో అడ్డం పడేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, ఇంకో రొట్టె తీసి జేబులో పెట్టుకున్నాడు, మెగ్ కోసమై ఉంటుంది. గుమ్మం దాకా వెళ్ళి, కోట నుంచి ఎత్తుకొచ్చిన ఆ రాతి మెట్టు మీద ఆగాడు.

"వస్తానక్కా" అన్నాడు.